సూది వద్దు, గోళీ చాలు!

నిరుడు డిసెంబరులో మేఘాల సముద్రం చూద్దామని మిత్రులం నలుగురం వంజంగి వెళ్ళాం. కొండ కింద గుడారం వేశాం. గుడారమంటే పెద్దదేం కాదు. మూడు మీటర్ల చదరం సిల్‌నైలాన్ గుడ్డ, బరువు అరకిలో. తెల్లవారుజామున గాలి లేచి, తాడు కట్టిన లూపు ఒకటి గుడ్డతో సహా చిరిగింది. మంచుకి తడిసిన కప్పు మా మొహాల మీద పడింది. మేఘాలు చూడ్డం మాట దేవుడెరుగు, వణకడంతోనే సరిపోయింది.

విశాఖ వచ్చాక టైలర్‌కి చూపిస్తే, "కుడతాను గానీ, సూది దిగినచోటల్లా నీళ్ళు కారతాయి" అన్నాడు. నిజమే. ఈ నైలాన్‌కి సిలికాన్ పూత ఉంటుంది. సూది దాన్ని పొడిచేస్తుంది. పోనీ అని ఫెవిక్విక్ రాశాను. ఎండాక పెచ్చులా ఊడొచ్చింది. సిలికాన్ మీద సిలికానే అంటుతుంది! మీ గుడ్డ ఏ రకమో తెలియకపోతే సెల్లోటేపు అంటించి చూడండి. నిలవకుండా జారిపోతే చాలావరకు సిలికాన్ పూతే.

హార్డ్‌వేర్ షాపులో అద్దాలకు వాడే సిలికాన్ ట్యూబు కొన్నాను. చిరుగు చుట్టూ స్పిరిట్‌తో తుడిచి, పల్చగా రాసి, అదే రకం గుడ్డముక్కలు రెండువైపులా అంటించి, పైన పుస్తకాలు పెట్టి ఒక రోజంతా వదిలేశాను. (ఇంటర్వ్యూల కోసం కొన్న లావుపాటి పుస్తకాలు ఇన్నాళ్ళకి పనికొచ్చాయి.) ముక్క మూలలు గుండ్రంగా కత్తిరించాలి. కోసుగా ఉంటే అక్కడి నుంచే లేస్తుంది. ఇలాంటి అతుకు అడ్డంగా లాగితే బాగా ఆగుతుంది, అంచు పట్టి పైకి లేపితే మాత్రం తేలిగ్గా ఊడుతుంది. అందుకే దాని మీద మళ్ళీ లూపు అంటించడానికి ధైర్యం చాల్లేదు.

మరి తాడు ఎక్కడ కట్టాలి? దారి అరకు సంతలో దొరికింది. పసుపు కొమ్ములు అమ్మే పెద్దాయన తన టార్పాలిన్ మూలలో గులకరాయి పెట్టి, గుడ్డని దాని చుట్టూ మూటలా చుట్టి, మెడ దగ్గర తాడు బిగించాడు. పక్కనే ఇనప రింగులున్నాయి కదా అన్నాను.

"చిల్లుంటే అక్కడే చిరిగిపోద్ది బాబూ. రాయికేటవుద్ది?"

ఇంటికొచ్చి నేను గాజు గోళీలు వాడాను. రాయైనా సరే, నున్నగా ఉండాలి. గరుకుది గుడ్డని కోసేస్తుంది. గుడారం విప్పాక ముడి తీసేస్తే గోళీ జేబులోకి, గుడ్డ మీద చిల్లు లేదు.

మొన్న మళ్ళీ వంజంగి వెళ్ళాం. రాత్రి గాలి బాగానే వీచింది. గోళీల మూలలు కదల్లేదు. అతుకు మాత్రం ఒకవైపు కొద్దిగా లేచింది. చూస్తే, తొందరలో గుండ్రంగా కత్తిరించని మూల అదొక్కటే.