వెంటూ కొండబాట

ఫ్రాన్సు దేశపు ఆగ్నేయభాగమున, మధ్యధరా సముద్రమునకు ఎగువగా, ప్రోవాన్సు అను సీమ కలదు. అచ్చట వేసవిలో వానలు అరుదు. జూలై మాసమున మన పొలములు తొలకరి జల్లులకు పచ్చబడుచుండగా, అచ్చటి గుట్టలు ఎండి బూడిదవన్నె దాల్చియుండును. అయినను ఆ గుట్టల చరియలమీది ద్రాక్షతోటలు మాత్రము పచ్చగనే కనబడును. ద్రాక్ష వేళ్లు రాళ్ల సందులగుండ లోతునకు దిగి అడుగుననున్న తేమను అందుకొనును. ఒకప్పుడు హైదరాబాదు పరిసరములలో అనాబెషాహి ద్రాక్షను పందిళ్లపై ప్రాకించెడివారు. ప్రోవాన్సులోని పాతతోటలలో పందిళ్లు లేవు. తీగను ఏటేట శీతకాలమున కురచగా కత్తిరించి పొట్టి మోడువలె పెంచుదురు. అందువలన అది గాలికి తట్టుకొని నిలుచును.

ఆ గాలికి మిస్ట్రాల్ అని పేరు. ఉత్తరమునుండి రోన్ నది లోయవెంట దిగివచ్చు ఈ చలిగాలి ఒక్కొక్కప్పుడు దినముల తరబడి విడువక వీచును. పల్లెలలోని పాతయిండ్లకు ఉత్తరపుగోడను కిటికీలు పెట్టుట అరుదు. మన సముద్రతీరమున సరుగుడుచెట్లను నాటినట్లు, అచ్చటి రైతులు పొలములకు ఉత్తరమున సైప్రసుచెట్లను బారులుగా నాటి గాలిని అడ్డుదురు.

ఈ తోటల నడుమనుండి వెంటూ అను కొండ ఒంటరిగా లేచినది. దాని యెత్తు సుమారు 1,910 మీటర్లు. ఎత్తున హిమాలయములతో దీనిని పోల్చుటకు వీలు లేదు. కాని చుట్టుపట్ల దానికి సాటివచ్చు కొండ లేనందున ఎంతో దూరమునకు కనబడును. శిఖరమంతయు తెల్లని సున్నపురాతి ముక్కలతో నిండియుండుటచే, నడివేసవిలో సైతము మంచు కప్పినదా యని క్రొత్తవారు భ్రమపడుదురు. ఇటలీ దేశపు కవియైన పెట్రార్కు 1336వ సంవత్సరమున, పైనుండి చూడవలెనను కోరికతోనే, ఈ కొండ నెక్కెను. నేడు వేలాదిమంది అట్టి కోరికతోనే సైకిళ్లపై ఎక్కుచున్నారు. 19వ శతాబ్దపు చివర శిఖరముపై వాతావరణ పరిశీలనశాలను కట్టినప్పుడు బండ్లకొఱకు వేసిన బాటయే వీరికి దారియైనది.

దక్షిణపువైపున బెదువాన్ అను పల్లె నుండి శిఖరము సుమారు 21 కిలోమీటర్లు. ఆ దూరములో 1,600 మీటర్ల యెత్తు ఎక్కవలెను. మొదటి ఐదారు కిలోమీటర్లు బాట ద్రాక్షతోటల నడుమ మెల్లగా పైకి సాగును. ఇది సులభముగనే యున్నదని తొందరపడి తొక్కినవాడు అటుపిమ్మట పశ్చాత్తాపపడును. ఎట్లనగా, శాంత్ ఎస్తేవ్ అను మలుపు దాటగనే బాట అడవిలో ప్రవేశించి నిట్టగా లేచును. ఇంచుమించు పది కిలోమీటర్లవరకు, నూరు మీటర్లు సాగుటకు తొమ్మిది పది మీటర్లు ఎక్కవలసియుండును.

మన యూళ్లలోని సాధారణపు సైకిలుతో ఇట్టి బాట నెక్కుట దుర్లభము. దానికి ముందొకటి, వెనుకొకటి పళ్లచక్రములుండును. ముందరిది పెద్దది, కావున పెడలు ఒక చుట్టు తిరిగినచో వెనుకచక్రము రెండు మూడు చుట్లు తిరుగును. చదునుబాటపై ఇది లాభమే. ఎక్కుడుబాటపై అదియే భారమగును. కొండనెక్కు సైకిలునకు వెనుకవైపున చిన్నవి పెద్దవి పళ్లచక్రములు వరుసగా నుండును. మీటను కదపగనే గొలుసు ఒకదానినుండి మరియొకదానిపైకి జరుగును. ముందర 34 పండ్లు, వెనుక 32 పండ్లు గల చక్రములపై గొలుసు ఉన్నప్పుడు, పెడలు ఒక చుట్టు తిరిగినచో వెనుకచక్రము ఒక చుట్టుకంటె ఏమంత ఎక్కువ తిరుగదు. బండి సుమారు రెండు మీటర్లే సాగును. కాని కాలికి భారము తగ్గును. చేయవలసిన పని తగ్గలేదు. చిన్నచిన్న వాయిదాలుగా తీర్చు అప్పువలె భరింప వీలైనది, అంతియే.

ఈ గేర్లకొఱకు ఏండ్ల తరబడి వాదించినవారిలో పాల్ ద వివీ ముఖ్యుడు. ఆయన 1853లో ఈ కొండకు చేరువనున్న పేర్న్ అను ఊరిలో జన్మించెను. సెంతెత్యెన్ నగరమున స్థిరపడి, వెలోసియో అను మారుపేరుతో సైకిలు పత్రికను నడిపెను. ఆకలి వేయకమునుపే తినవలెననియు, దప్పిక కాకమునుపే త్రాగవలెననియు ఆయన యాత్రికులకు చెప్పెడివాడు. ‘టూర్ ద ఫ్రాన్స్’ పందెమును స్థాపించిన ఆన్రీ దెగ్రాంజ్ మాత్రము, గేర్లు వయసు మళ్లినవారికే గాని వీరులకు కావని తలంచెను. వెలోసియో 1930లో మరణించెను. ఆ పందెములో గేర్లు మార్చు సాధనమును అందరికిని అనుమతించినది 1937లో. మీట నొక్కుటయందు వీరత్వమునకు లోటేమియో ఊహించుట నేడు కష్టము!

అడవిదారిలో నీడ కలదు. ఆ నీడకును ఒక చరిత్ర యున్నది. ఓడలకును, బొగ్గునకును శతాబ్దముల తరబడి చెట్లు నరికినందునను, గొఱ్ఱెల మేతవలనను వెంటూ ఒకప్పుడు బోడికొండయై, వాన వచ్చినప్పుడెల్ల మన్ను కొట్టుకొనిపోయెడిది. 1860 ప్రాంతమున సిందూరజాతి వృక్షములను, పైన్ చెట్లను, ఆఫ్రికాలోని అట్లాసు పర్వతములనుండి తెచ్చిన దేవదారుజాతి విత్తనములను నాటసాగిరి. నేటి అడవిలో అధికభాగము వారి కృషియే.

షాలే రేనార్ అను చోట అడవి ముగియును. అటుపైన ఆరు కిలోమీటర్లు చెట్టు నీడ యనునది లేదు. ఎండ పైనుండి కాయును. తెల్లరాళ్లపై పడి మరల కన్నులకు కొట్టును. మనిషియు, సైకిలును కలిసి 80 కిలోగ్రాముల బరువనుకొందము. దానిని 1,600 మీటర్లు ఎత్తుటకు సుమారు 300 కిలోకెలోరీల శక్తి చాలును. కాని శరీరము తాను ఖర్చు చేయు శక్తిలో నాలుగవవంతునే పనిగా మార్చగలదు. కావున 1,200 ఖర్చగును. తక్కిన 900 వేడియై దేహములోనే పుట్టును. ఆ వేడిని చెమట ఆఱి తీసికొనిపోవలెను. అందులకు ఇంచుమించు లీటరున్నర చెమట కావలెను. చదునుబాటపై వేగమువలన గాలి తగిలి చెమట త్వరగా ఆఱును. ఎక్కుడున నడకకు రెట్టింపు వేగమైన నుండదు. గాలి లేనినాడు ఆ కష్టము ఇంతింత కాదు.

1967వ సంవత్సరము జూలై 13వ తేదీ అట్టి దినము. టామ్ సింప్సన్ అను ఆంగ్లేయుడు, 1965లో ప్రపంచ విజేతయైనవాడు, ఆనాటి పందెములో శిఖరమునకు చేరువగా వచ్చి అటునిటు తూలి పడిపోయెను. తోడివారు లేవదీసి సైకిలుపై కూర్చుండబెట్టిరి. కొంచెము దూరము పోయి మరల పడెను, తిరిగి లేవలేదు. అప్పటి కాతని వయస్సు 29 ఏండ్లు. ఆతని రక్తములో ఆంఫెటమిన్ అను ఉత్తేజకమును, మద్యమును కనబడెను. ఆంఫెటమిన్ బలము నీయదు, అలసటను తెలియనీయదు. అలసట యనునది ఆగుమని శరీరము చేయు హెచ్చరిక. ఆ హెచ్చరిక వినబడక, ఎండలో దేహము కాగిపోవుచున్నను ఆతడు తొక్కుచునే యుండెను. పైగా, ఎక్కువ నీరు త్రాగరాదను తప్పుడు నమ్మకము ఆ కాలపు పందెగాండ్రలో ప్రబలియుండెను. వెలోసియో మాట వారికి పట్టలేదు. సింప్సన్ పడినచోట బాటప్రక్కన ఒక స్మారకశిల కలదు. దారిని పోవు సైకిలువారు అచ్చట ఆగి, తమ టోపీనో నీళ్లసీసానో ఉంచిపోవుదురు.

ఎండ కాని దినమున గాలి శత్రువగును. 2016వ సంవత్సరము జూలై 14న గాలితాకిడికి వెఱచి పందెపు గమ్యమును శిఖరమునుండి షాలే రేనార్‌కు దింపిరి. అచ్చట క్రిక్కిరిసిన జనములో మోటారుసైకిలు అడ్డుపడి క్రిస్ ఫ్రూమ్ సైకిలు విఱుగగా, ఆతడు సైకిలు లేకయే కొండబాటపై పరుగెత్తెను!

ఆరితేరినవారు గంటలోపున శిఖరము చేరుదురు. సాధారణులకు రెండు గంటలు పట్టును. చేరినవెంటనే చలి పుట్టును. పల్లెలో కంటె అచ్చట పదిడిగ్రీలవరకు వేడి తక్కువ. చెమటతో తడిసిన చొక్కాలో వార్తాపత్రికను దోపుకొని దిగుట పందెగాండ్ర పాత అలవాటు. ఎక్కుటలో కూడబెట్టిన ఆ 300 కిలోకెలోరీలును దిగుటలో గాలికిని, బ్రేకులకును చెల్లింపవలెను. విడువక బ్రేకు నొక్కినచో అది కాలిపోవును. కావున మలుపునకు ముందు గట్టిగా నొక్కి, తరువాత విడిచిపెట్టుదురు. ఉత్తరపువైపున మలొసేన్ చేరుటకు కొంచెము ముందు, గ్రోజో అను ఊట కొండయడుగునుండి పొంగుచుండును. పైన సున్నపురాళ్లలో ఇంకిన వానయు, కరగిన మంచును అచ్చట చల్లగా వెలికివచ్చును.