మీకు తెలుసా? కుర్రతనం సూదిమందు

వయసును వెనక్కి తిప్పుకుందామని 72 ఏళ్ల ప్రొఫెసర్ ఒకాయన కుక్క వృషణాల రసాన్ని ఒంట్లోకి ఎక్కించుకున్నాడని మీకు తెలుసా? ఆయన పేరు షార్ల్ ఎడ్వార్ బ్రౌన్-సెకార్, ఉండేది పారిస్‌లో. 1889 జూన్ 1న అక్కడి జీవశాస్త్ర సంఘం ముందు ఆయనే స్వయంగా ఈ సంగతి బయటపెట్టాడు. కుక్కలవీ గినీ పందులవీ వృషణాలు నలిపి, నీళ్లు కలిపి, వడగట్టి చర్మం కిందకి ఎక్కించుకున్నాననీ, మళ్లీ మెట్లు చకచకా ఎక్కేస్తున్నాననీ, చేతుల్లో పట్టు పెరిగిందనీ చెప్పాడు. అక్కడితో ఊరుకోలేదు. మూత్రధార ఎంత దూరం పడుతోందో సూదికి ముందూ తర్వాతా కొలిచి, తేడా కనీసం నాలుగో వంతు ఉందని లెక్క చూపించాడు. ఆ ఓపికను మెచ్చుకోవాల్సిందే!

తమాషా ఏమిటంటే, ఆ రసంలో మందు లేనట్టే. వృషణాల్లో తయారయ్యే హార్మోన్ టెస్టోస్టిరాన్ నీళ్లలో దాదాపు కరగదు. పైగా వృషణాలు దాన్ని దాచుకోవు, తయారైంది తయారైనట్టే రక్తంలోకి వదిలేస్తాయి. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆయన పద్ధతిలోనే రసం తీసి చూస్తే, ఒంటిమీద పనిచేసేంత హార్మోన్ అందులో దొరకలేదు. ప్రొఫెసర్‌గారిని మెట్లెక్కించింది నమ్మకమేనన్నమాట. అసలు టెస్టోస్టిరాన్‌ను ప్రయోగశాలలో తయారుచేయడం 1935లో గానీ కుదరలేదు.

నూరేళ్ల తర్వాత అదే ఆశ ఎదుగుదలకు తోడ్పడే గ్రోత్ హార్మోన్ మీదకి మళ్లింది. 1990లో అమెరికాలో డేనియల్ రడ్మన్ బృందం అరవై దాటిన 12 మంది మగవాళ్లకి ఆరు నెలలు ఈ ఇంజెక్షన్లు ఇచ్చింది. కొవ్వు తగ్గింది, కండ పెరిగింది. ఇంకేం, ఆ పన్నెండు మందిని చూపించి బోలెడంత వ్యాపారం నడిచింది! తర్వాతి అధ్యయనాల్లో కండ పెరిగినంత మాత్రాన బలం పెరిగినట్టు తేలలేదు. కీళ్లనొప్పులు, ఒంటివాపులు మాత్రం కనిపించాయి. రడ్మన్ బృందం వ్యాసాన్ని అచ్చేసిన వైద్య పత్రికే, దాన్ని ప్రకటనలకు వాడుకుంటున్నారని 2003లో మందలించాల్సి వచ్చింది.

ఇంకో విడ్డూరం. గ్రోత్ హార్మోన్ పనిచేయకుండా పుట్టిన ఎలుకలే మామూలు వాటికన్నా ఎక్కువ కాలం బతుకుతాయి. ప్రయోగశాలలో అలాంటి ఎలుక ఒకటి దాదాపు ఐదేళ్లు బతికింది. మామూలు ఎలుక ఆయుష్షు రెండు మూడేళ్లే. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్‌లో ఇలాంటి జన్యులోపంతో పొట్టిగా ఉండిపోయిన మనుషులున్నారు. వాళ్లలో క్యాన్సర్, మధుమేహం చాలా అరుదని 2011లో తేలింది. అలాగని వాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువేళ్లు బతకడం లేదు లెండి.

డీహెచ్ఈఏ అనే మరో హార్మోన్ మాత్రల సంగతీ అంతే. అమెరికాలో వీటికి డాక్టరు చీటీ అక్కర్లేదు. పెద్దవాళ్లకి రెండేళ్లు ఇచ్చి చూసిన మాయో క్లినిక్ పరిశోధకులు, బలంలో గానీ జీవన నాణ్యతలో గానీ మెరుగు కనిపించలేదని 2006లో తేల్చారు.

అలాగని హార్మోన్ మందులన్నీ దండగ అని కాదు. థైరాయిడ్ తక్కువైనవాళ్ల మాత్ర వేరు, ముట్లుడిగే వయసులో వేడి ఆవిర్లకి డాక్టరు రాసే ఈస్ట్రోజెన్ వేరు. అవి ఫలానా లోటుకో, ఫలానా బాధకో ఇచ్చే మందులు. కుర్రతనం తెప్పిస్తామంటూ ఎవరైనా హార్మోన్ అంటగట్టబోతే, నాకున్న లోటేమిటో, అది ఏ పరీక్షలో తేలిందో అడగండి. జవాబు రాకపోతే పర్సు తీయకండి.