వైరస్ మోటారులో ఆర్‌ఎన్‌ఏ ఉంగరం

అల్లవరం, ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువుల్లో ప్రోబయోటిక్ పొడిని బెల్లం, తౌడుతో పులియబెట్టి చల్లడం మామూలే. ఆ పొడుల్లో తరచుగా ఉండే బాక్టీరియా బాసిల్లస్ సబ్టిలిస్. దాన్ని పట్టి చంపే వైరస్‌లూ ఉన్నాయి. వాటిలో ఒకటి ఫై29.

దీని డీఎన్‌ఏ పొడవు సుమారు 6,600 నానోమీటర్లు. అది దూరాల్సిన ప్రోటీన్ డొల్ల పొడవు 54, వెడల్పు 42 నానోమీటర్లే. డీఎన్‌ఏ అంత తేలిగ్గా వంగదు, పైగా దాని నిండా రుణావేశం. లోపలికి వెళ్లేకొద్దీ ఎదురు తోస్తుంది. దాన్ని కూరడానికి డొల్ల మూతి దగ్గర ఒక మోటారు ఉంటుంది. 2001లో కార్లోస్ బుస్టమాంటే బృందం కొలిస్తే దాని బలం 57 పికోన్యూటన్ల దాకా తేలింది. మన కండరాల్లోని మయోసిన్ అణువు బలానికి ఇది ఎన్నో రెట్లు.

ఆర్‌ఎన్‌ఏ అంటే సమాచారం మోసేదని కోవిడ్ టీకాల నాటి నుంచి అందరికీ తెలుసు. ఈ మోటారులోనూ ఒక ఆర్‌ఎన్‌ఏ ఉంది, కానీ అది ఏ ప్రోటీన్ తయారీకీ సమాచారం మోయదు. 1987లో పైషువాన్ గువో, ఎరిక్సన్, డ్వైట్ ఆండర్సన్ దాన్ని బయటపెట్టారు. ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైమ్ తగిలితే డీఎన్‌ఏ ఎక్కడం ఆగింది. ఆ ఆర్‌ఎన్‌ఏను తిరిగి కలిపితే మొదలైంది.

పూర్తి రూపంలో 174 అక్షరాలున్న ఈ దారం తన మీద తానే మడతపడి కాడలూ ఉచ్చులూ అవుతుంది. ఒక అణువు ఉచ్చులోని నాలుగు అక్షరాలు పక్క అణువు ఉచ్చులోని నాలుగింటితో జతకడతాయి. అలా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంగరమై, డొల్ల మూతికీ, శక్తి కోసం ఏటీపీని ఖర్చుచేసే ప్రోటీన్‌కూ ఆధారంగా నిలుస్తాయి.

ఇక్కడ ఆకారానిదే పెత్తనమని ఎలా తెలిసింది? ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం అదే. ఉచ్చుల్లో అక్షరాలు మారిస్తే జత కుదరక మోటారు ఆగింది. అలా పాడుచేసిన రెండు రకాలను, ఒకదాని ఉచ్చు రెండోదానికి సరిపడేలా తయారుచేసి కలిపితే మళ్లీ నడిచింది. విడివిడిగా రెండూ పనికిరానివే! కాడల్లోనూ అంతే, చాలాచోట్ల అక్షరాలు మారినా జత నిలిస్తే చాలు.

ఉంగరంలో అణువులెన్ని అన్న వాదం చాలాకాలం నడిచింది. గువో బృందం ఆరన్నది. 2000లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాలు ఐదు చూపాయి. నిర్మాణ సాక్ష్యాలు ఐదు వైపే మొగ్గాయి.

అన్ని వైరస్‌లకూ ఈ ఉంగరం అక్కర్లేదు. వాషింగ్టన్‌లోని కేథలిక్ యూనివర్సిటీ ఆచార్యుడు వెనిగళ్ల బి. రావు పరిశోధించిన టీ4 వైరస్ మోటారు ప్రోటీన్లతోనే నడుస్తుంది, సెకనుకు 2,000 డీఎన్‌ఏ అక్షర జతల దాకా లాగుతుంది. ఫై29 వేగం వంద జతల దరిదాపుల్లోనే.

డొల్ల నిండాక ఆర్‌ఎన్‌ఏ ఉంగరం ఊడిపోతుంది, అక్కడ తోక అమరుతుంది. అందుకే పూర్తయిన వైరస్‌లో దాని జాడ ఉండదు. ఇంకా డీఎన్‌ఏ ఎక్కని డొల్లలను పరీక్షిస్తేనే అది దొరికింది.