రెండు సున్నలు - ఒక రంగు

పూండి పేరును కంప్యూటరునందు రెండు విధముల వ్రాయవచ్చును. అనుస్వారముతో వ్రాసినది ‘పూండి’. తెలుగు అంకెలలోని సున్నతో వ్రాసినది ‘పూ౦డి’. కంటికి రెండును ఇంచుమించు ఒక్కటియే. యంత్రమునకు మాత్రము వేఱు మాటలు. గ్రామముల పట్టికలో రెండవ విధమున వ్రాసియుండగా మొదటి విధమున వెదకినచో సాధారణముగా ఆ పేరు చిక్కదు. బిడ్డ మాతృభాషలో శ్రమించి వ్రాసినది ఉండియు లేనిదగును.

దీనికి కారణమేమి? కంప్యూటరు అక్షరముల రూపమును చూడదు. వాని సంఖ్యలనే ఎఱుగును. ఆ సంఖ్యల పట్టికకు యూనికోడ్ అని పేరు. 1991లో వెలువడిన మొదటి కూర్పునందే తెలుగునకు స్థానము కలదు. అందు తమిళమునకు 128 గడులు, ఆ వెంటనే తెలుగునకు 128 గడులు. మన ప్రాంతమందువలెనే అచ్చటను ఈ రెండు భాషలు ఇరుగుపొరుగులు. తెలుగు గడులలో అనుస్వారము అకారమునకు ముందున్నది. అంకె సున్న గుణింతపు గుర్తులన్నియు ముగిసిన తరువాత నున్నది.

ఈ దోషమును పట్టుటకు ఉపాయము కలదు. ప్రోగ్రాములు వ్రాయువారు వాడు టెక్స్ట్ ఎడిటరులలో కొన్ని మాటలు వేఱు రంగులతో కనబడును. ఏ రూపమునకు ఏ రంగు వేయవలయునో తెలుపు సూత్రమునకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని పేరు. గణితవేత్త క్లీనీ 1956లో ప్రకటించిన భావమిది. దానితో పాఠమునందు మాటలను వెదకు పద్ధతిని కెన్ థాంప్సన్ 1968లో ప్రకటించెను. ఎమాక్స్, విజువల్ స్టూడియో కోడ్ వంటి ఎడిటరులలో మనమును సొంత సూత్రములు చేర్చుకొనవచ్చును.

మొదట తోచు సూత్రము ఇది:

[అ-హ]౦

అ మొదలు హ వరకు గల ఏ అక్షరము వెంటనైనను అంకె సున్న వచ్చినచో పట్టుమని దీని భావము. ‘గ౦ట’ దీనికి చిక్కును, ‘పూ౦డి’ చిక్కదు. ఏలయన, యంత్రము ‘పూ’ను పకారముగను, దీర్ఘపు గుర్తుగను విడదీసి చూచును. సున్నకు ముందున్నది ఆ గుర్తు. గుణింతపు గుర్తులు పట్టికలో హకారమునకు తరువాత నుండును. కావున హద్దును హకారముతో ఆపక, పొల్లు గుర్తు వరకు పొడిగింపవలయును. అప్పుడు రెండు మాటలలోని తప్పు సున్నలును ఎఱ్ఱబడును. ‘౧౦’ అను సంఖ్యలో సున్నకు ముందున్నది అంకెయే గనుక దానికి రంగు పడదు.

సూత్రమునకు అర్థజ్ఞానము లేదు. ‘కల’ అనవలసినచోట ‘కళ’ అని వ్రాసినను అది మిన్నకుండును. ఆ పని ఉపాధ్యాయులది, ఇంట చదివి వినిపించుకొను తల్లిదండ్రులది. అయినను ఈ యొక్క సూత్రమును బిడ్డచేతనే వ్రాయించి చూడుడు. హద్దు హకారముతో ఏల చాలదో చెప్పగలిగిన బిడ్డకు గుణింతము కంఠస్థమగుటయే గాక, దాని నిర్మాణమును బోధపడినట్లే.