కారు సందుల్లోని మొండి మురికి

కారు రంగుకు రక్షణగా ఉండే పారదర్శకమైన పైపూతను క్లియర్ కోట్ అంటారు. దీని మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కనుక, మురికిని గోకి తీయాలన్న తొందరపాటు ఆ పూతపైనే చెరగని గీతలు మిగులుస్తుంది. పేరు అక్షరాల అంచులు, తలుపు పిడుల వెనుక గుంతలు, పెట్రోలు మూత చుట్టూ ఉండే సందులు గుడ్డకు అందవు గనుక, అక్కడ దుమ్ము, జిడ్డు, పాత పాలిష్ కలిసి నల్లని చారలుగా గట్టిపడతాయి.

ఇటువంటి చోట్ల ముందుగా ధారాళమైన నీటితో ఇసుకరేణువులను కడిగివేసి, కార్ల షాంపూ నురుగులో కొద్ది నిమిషాలు నాననిచ్చి, ఆరిపోకముందే మెత్తని కుచ్చు బ్రష్షుతో ఒత్తిడి లేకుండా రుద్దడం మేలు. చక్రాల వెనుక అంటుకునే తారు చుక్కలు నీటికి కరగవు. అందుకని తారును కరిగించే ద్రావణిని గుడ్డకు అద్ది కొంతసేపు ఆనించి ఉంచితే, అవి మెత్తబడి తుడిచినంతనే ఊడివస్తాయి. ఆ తరువాత కూడా వేలికి గరుకుగా తగిలే రేణువులను క్లే బార్ అనే బంకముద్ద, షాంపూ నీటితో తడిపిన రంగుపై జారుతూ తనలోకి లాక్కుంటుంది. అయితే నేల మీద పడిన ముద్దకు ఇసుక అంటుకుంటుంది కనుక దానిని తిరిగి వాడకూడదు. ఈ పనులన్నింటినీ నీడలో, రేకు చల్లబడిన తరువాతే చేపట్టాలి.