ఉదరము చిన్నదైన వేళ మెత్తని ఆహారము

గత వేసవిలో ఒకనాటి ఉదయమున, రామగుండము తాపవిద్యుత్ కేంద్రపు ఉద్యోగులు నివసించు జ్యోతినగర్ నుండి ఒక గృహిణి తన అత్తగారితో కూడ నా వద్దకు వచ్చినారు. ఆమె భర్తకు హైదరాబాదులో బరువు తగ్గించు శస్త్రచికిత్స జరిగి అప్పటికి మూడు వారములు. ముందటి రాత్రి ఆయన రెండు ముద్దల పప్పన్నము తిని, రొమ్ములో పట్టివేసినట్లై, తెల్లవార్లు వాంతులతో బాధపడినారు. ఆ అన్నము పెట్టినది తల్లియే.

"అయ్యగారూ, ఇరవై దినాలాయె, కొడుకు నీళ్లమీదనే ఉన్నడు. పిడికెడన్నం తినకుంటె మనిషెట్ల నిలుస్తడు?" అని ఆ వృద్ధురాలు కంటతడి పెట్టినారు.

నేను ఔషధమేమియు ఇయ్యలేదు. వెంటనే శస్త్రవైద్యునికి చూపుమని పంపితిని. దైవానుగ్రహమున కుట్లకు హాని కలుగలేదు. గట్టి అన్నము దారిలో నిలిచినది, అంతే. కాని ఆ తల్లి అడిగిన ప్రశ్న ప్రతి ఇంటను ఉదయించునదే. దానికి సమాధానమే ఈ వ్యాసము.

శస్త్రచికిత్సలో జరుగునదేమి?

నేడు ఎక్కువగా చేయుచున్న స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయములో సుమారు 75 నుండి 80 శాతము తొలగించి, మిగిలిన భాగమును అరటిపండు ఆకారముగల గొట్టమువలె ఉంచెదరు. బైపాస్ పద్ధతిలో జీర్ణాశయపు పైభాగమును సుమారు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్న సంచిగా చేసి, దానిని చిన్నప్రేగులకు కలిపెదరు. ఈ రెండవ పద్ధతిని అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమునకు చెందిన ఎడ్వర్డ్ మేసన్ 1960ల దశకములో ఆరంభించినారు. పద్ధతి ఏదైనను, కుట్టిన చోటు వాపు తగ్గి గట్టిపడుటకు కొన్ని వారములు పట్టును. అంతలో గట్టి పదార్థము పడినచో అది ఇరుకున నిలుచును; వాంతి వలన కుట్లపై ఒత్తిడి పడును.

పేయాది క్రమము

ఈ విషయమున మన శాస్త్రము కొత్త కాదు. వమన విరేచనముల తరువాత రోగిని ఒక్కసారిగా భోజనమునకు కూర్చుండబెట్టరాదని చరకుడు సిద్ధిస్థానమున విధించినాడు. మొదట పేయ అనగా పలుచని జావ, తరువాత విలేపి అనగా చిక్కని జావ, పిమ్మట ఉప్పు, నేయి లేని పప్పుకట్టు, తరువాత వానితో సంస్కరించిన కట్టు, చివర మాంసరసము. చిన్న నిప్పును ఎండుగడ్డితోను, పిడకలతోను మెల్లగా రగిల్చినట్లు జఠరాగ్నిని పెంపొందింపవలెనని ఆయన ఉపమానము. జలోదరమున నీరు తీసిన రోగికైతే ఆరు మాసములు పాలు, మూడు మాసములు పాలతో పేయ, మరి మూడు మాసములు అరికెల వంటి తేలికైన ధాన్యము, వెరసి ఒక సంవత్సరము పథ్యము చెప్పినాడు.

అయితే జీర్ణాశయమును కోసి తగ్గించు ఈ చికిత్స ఆనాటి ఆచార్యులు ఎరిగినది కాదు. కావున మనము క్రమమును గ్రహింపవచ్చును గాని, దినములను, పరిమాణమును శస్త్రవైద్యుడే నిర్ణయింపవలెను. సాధారణముగా మొదటి ఒకటి రెండు దినములు తేటద్రవములు. రెండు వారముల వరకు పాలు, పలుచని మజ్జిగ, వడకట్టిన కట్టు. మూడు నాలుగు వారములలో మెత్తగా మెదిపినవి. ఆపై రెండు మాసముల వరకు చెంచాతో నొక్కిన నలుగునట్టి మెత్తని పదార్థములు. అటుపిమ్మట మామూలు ఆహారము. ఆసుపత్రివారి చీటీలో ఇందుకు భేదమున్నచో ఆ చీటీయే ప్రమాణము.

గంజి ఒక్కటే చాలదు

ఇచ్చట నా పొరపాటు ఒకటి ఒప్పుకొనవలెను. ఇట్టి రోగులు మొదట నా వద్దకు వచ్చినపుడు గురుకులమున నేర్చిన ప్రకారము గంజియే పథ్యమని చెప్పితిని. వారిలో ఒకరు నెల తిరుగునప్పటికి మిక్కిలి నీరసించినారు. ఈ రోగులకు దినమునకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు కావలెనని అప్పుడు తెలిసికొంటిని. బియ్యపు గంజిలో అవి అత్యల్పము. పెద్దచెంచెడు పెసరపప్పులో 3 గ్రాములు, గ్రుడ్డులో 6 గ్రాములు, గ్లాసెడు పాలలో 6 గ్రాములు ఉండును. చిన్న ఉదరములో ఇంత పట్టుట కష్టము గనుకనే వైద్యులు ప్రోటీన్ పొడిని వ్రాసెదరు. దానిని మానరాదు. "లంఖణం పరమౌషధం" అను సామెత ఇచ్చట వర్తింపదు.

అట్లే బి12, ఇనుము, కాల్షియము, విటమిన్ డి మాత్రలు దీర్ఘకాలము, చాలమందికి జీవితాంతము అవసరము. వేడి చేయునని వానిని ఆపువారు కలరు. అది ప్రమాదము. ఏ కషాయమును వానికి బదులు కాదు.

చేయు విధానము

పెసరకట్టు: పొట్టు తీసిన పెసరపప్పు ఒక పాలు, నీరు ఎనిమిది పాళ్లు. మెత్తగా ఉడికించి, చిటికెడు పసుపు, కొద్ది ఉప్పు చేర్చి వడకట్టవలెను. మెదిపినవి తినుటకు అనుమతి కలిగిన పిమ్మట వడకట్టక, పప్పునే చిలికి ఇయ్యవలెను.

మెత్తని కిచ్చడి: పెసరపప్పు రెండు పాళ్లు, బియ్యము ఒక పాలు, చెక్కు తీసిన సొరకాయ లేక బీరకాయ ముక్కలు కలిపి జారుగా ఉడికించి మెదుపవలెను. మిరపకారము, చింతపండు, పోపు వలదు. పైన చెంచెడు గడ్డపెరుగు చేర్చవచ్చును. మాంసాహారులు ఈ దశలో మెత్తగా ఉడికిన గ్రుడ్డు తినవచ్చును.

తినవలసిన తీరు

చిన్న గిన్నె, చిన్న చెంచా వాడవలెను. మొదట రెండు మూడు పెద్దచెంచాలు చాలును. ఇరువది, ముప్పది నిమిషములు నెమ్మదిగా నమలుచు తినవలెను. నిండినట్లు తోచిన క్షణముననే ఆపవలెను. ఇంకొక్క చెంచా అని ఎవరును బలవంతము చేయరాదు. భోజనముతో నీరు త్రాగరాదు. అరగంట ఎడము ఉండవలెను. మిగిలిన వేళలలో గుక్కలు గుక్కలుగా దినమునకు లీటరున్నర త్రాగవలెను. రామగుండము, గోదావరిఖని ఎండలలో దీనిని మరువరాదు. నైట్ షిఫ్టు చేయువారు తిరిగి పనిలో చేరిన పిమ్మట సీసా, చిన్న డబ్బా వెంట ఉంచుకొనవలెను.

జొన్నరొట్టె, చపాతి, ములక్కాడ, కొబ్బరి, వేపుళ్లు, గ్యాసు పానీయములు ఈ దశలో వలదు. పానకము, మిఠాయిలు, చక్కెరపాకపు లేహ్యములు బైపాస్ రోగులకు గుండెదడ, చెమట, విరేచనములు కలిగింపవచ్చును. ఆసవారిష్టములలో మద్యాంశము కలదు గనుక అవియును వర్జ్యములు. నా వైద్యమునకు చెందినవే యైనను ఇది చెప్పుట నా విధి.

జ్వరము, గుండెవేగము, ఆయాసము, తీవ్రమైన కడుపునొప్పి కలిగినను, నీరు కూడ నిలువకున్నను ఇంటివైద్యము చేయక తత్‌క్షణము ఆసుపత్రికి పోవలెను. వాంతులు కొన్నాళ్లు సాగినచో బి1 లోపించి నరములకు, మెదడునకు హాని కలుగును. హైదరాబాదు రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున ఉన్నది గనుక, శస్త్రవైద్యుని ఫోను నంబరు వంటింటి గోడపై వ్రాసి ఉంచుట మంచిది.

ఆ తల్లి మరల వచ్చినపుడు కొడుకు మెత్తని కిచ్చడి సుఖముగా తినుచున్నాడని చెప్పినారు. "ఇప్పుడు చెంచాలు లెక్కపెట్టుకుంట పెడుతున్న, అయ్యగారూ" అన్నారు. ముద్దలతో కొలిచిన ప్రేమను కొంతకాలము చెంచాలతో కొలుచుటయే ఇంటివారు చేయవలసిన నిజమైన శుశ్రూష.