నీనా సిమోన్ గానసంపుటి

కవుల కృతులను ఏర్చి కూర్చి యొక సంపుటముగా ప్రకటించుట మనకు చిరపరిచితమైన యాచారము. గాయకుల విషయమున నిట్టి కూర్పు ధ్వనిముద్రణము వెలసిన పిమ్మటనే సాధ్యమయ్యెను. యౌవనమున పాడిన పాటయు, వార్ధకమున పాడిన పాటయు ఒక్క సాయంకాలమున విని పోల్చుకొను భాగ్య మిప్పుడు మనకు గలదు. అట్టి సంపుటములలో నొకదానిని గూర్చి యిచ్చట వివరింతును.

అమెరికా దేశపు నల్లజాతి గాయని నీనా సిమోన్ పాటల సంపుటము 2008 సంవత్సరమున ‘టు బి ఫ్రీ’ యను పేర వెలువడెను. స్వేచ్ఛగా నుండుట యని యా పేరున కర్థము. ఇందు పాటల డిస్కులు మూడును, 1970 నాటి యొక చిన్న చలనచిత్రమును గలవు. ఇట్టి కూర్పు సులభసాధ్యము కాదు. ఏ కంపెనీ పాటను ముద్రించునో సాధారణముగా దానిపై హక్కు ఆ కంపెనీదే. నీనా బెత్లెహెమ్, కోల్పిక్స్, ఫిలిప్స్, ఆర్.సి.ఎ. మొదలగు పెక్కు కంపెనీలకు పాడెను. కావున ఆమె పాటలు పలుచోట్ల చెదరి యుండెను. అవి యొక్కచోట చేరిననే గాని యామె జీవితగమనము మన చెవికి తెలియదు.

ఆమె జన్మనామము యూనిస్ కాథలీన్ వేమన్. 1933 ఫిబ్రవరి 21వ తేదీన ఉత్తర కరోలినాలోని ట్రయన్ అను చిన్న పట్టణమున, ఎనిమిదిమంది సంతానములో నారవ బిడ్డగా జన్మించెను. తల్లి మెథడిస్టు బోధకురాలు. బాలిక మూడేండ్ల ప్రాయముననే పియానో వాయింప నారంభించి, దేవాలయమున కీర్తనలకు తోడు వాయించుచుండెను. బాల్యమున నొక కచ్చేరిలో ఆమె తలిదండ్రులను ముందు వరుసనుండి లేపి, తెల్లవారికి చోటిచ్చుటకై వెనుకకు పంపిరి. వారిని మరల ముందు కూర్చుండబెట్టిన గాని వాయింపనని ఆ పసిది భీష్మించెనట.

ఊరివారు చందాలు వేసికొని ఆమె చదువునకు నిధి యేర్పరచిరి. ఆష్‌విల్ పట్టణమున నల్లజాతి బాలికలకై మెథడిస్టు మిషను స్త్రీలు నడపిన యాలెన్ పాఠశాలలో చదివి, 1950లో తన తరగతికి అగ్రగణ్యురాలై వెలువడెను. ఆ వేసవిని న్యూయార్కు నగరమున జూలియర్డ్ సంగీత విద్యాలయమున గడపెను. బాఖ్ మొదలగు పాశ్చాత్య మహావిద్వాంసుల కృతులను కచ్చేరిలో వాయించు విదుషీమణి కావలెనని యామె యాశయము. 1951లో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత విద్యాలయమున పరీక్ష కేగెను గాని ప్రవేశము లభింపలేదు. తన జాతియే యందులకు కారణమని యామె జీవితాంతము నమ్మెను.

జీవనోపాధికై 1954లో అట్లాంటిక్ సిటీలోని యొక పానశాలలో పియానో వాయించుటకు కుదిరెను. పాడినగాని కొలువు నిలువదని యజమాని చెప్పగా, నాడు మొదలు పాడనారంభించెను. అట్టి చోట పాడుట తల్లికి తెలియకుండుటకై నీనా సిమోన్ అను మారుపేరు ధరించెను. ఈ విధముగా నామె గానము అవసరమునుండి పుట్టెను. అయినను నేర్చిన విద్య వ్యర్థము కాలేదు. ‘లిటిల్ గర్ల్ బ్లూ’ యను తొలినాటి పాటలో గళ మొక విషాదగీతమును పాడుచుండగా, పియానోపై ‘గుడ్ కింగ్ వెన్సెస్లాస్’ అను క్రిస్మసు గీతపు వరుస వినబడును. రెండు స్వతంత్రమైన వరుసలను ఒండొంటికి భంగము లేకుండ నడిపించు ఈ నేర్పు బాఖ్ కృతుల నభ్యసించుటవలన వచ్చినది.

వర్తకు లామె పాటను జాజ్ అనియు, సోల్ అనియు పేర్కొనిరి. జాజ్ నందు గాయకుడు వరుసను అప్పటికప్పుడు తన మనోధర్మము ననుసరించి మార్చుకొనును. నల్లజాతివారి దేవాలయ గానమందలి ఆవేశమును లౌకిక గీతములలోనికి తెచ్చినది సోల్. ఆమె మంద్రగళమున నీ రెండును గలవు గాని, జాజ్ గాయని యనిపించుకొనుట ఆమె కిష్టము లేదు. తనది నల్లజాతివారి శాస్త్రీయ సంగీతమని చెప్పెడిది.

1963 సెప్టెంబరు 15న బర్మింగ్‌హామ్ నగరమున నొక నల్లజాతి దేవాలయమున బాంబు ప్రేలి నలుగురు బాలికలు మరణించిరి. అంతకు పూర్వము జూన్ నెలలో మెడ్గర్ ఎవర్స్ అను పౌరహక్కుల నాయకుడు మిసిసిపిలో హతుడయ్యెను. ఈ దుఃఖమున నీనా ఒక గంటలోపల ‘మిసిసిపి గాడ్డామ్’ అను పాటను రచించి, 1964లో కార్నెగీ హాలున పాడెను. వరుస నాటకశాలలోని వినోదగీతమువలె నుండును. మాటలు మాత్రము నిప్పులు. కొన్ని దక్షిణ రాష్ట్రముల రేడియో కేంద్రములు ఆ రికార్డులను విరిచి తిరుగ పంపినవి. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హతుడు కాగా, మూడు దినములకే ఆమె బృందము ఆయనను గూర్చిన క్రొత్తపాటను సభలో పాడెను. ఆ పాటలో శోకించు సమాజమంతయు వినబడును.

తరువాతి కథ సుఖమయము కాదు. తొలి సంపుటపు హక్కులను మూడువేల డాలర్లకు విడిచిపెట్టుటచే, దానిపై వచ్చిన గొప్ప లాభ మామెకు దక్కలేదు. స్వదేశమును విడిచి బార్బడోస్, లైబీరియా, స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశములలో నివసించెను. 1987లో నొక పరిమళద్రవ్యపు ప్రకటనవలన, మూడు దశాబ్దములనాటి ఆమె పాట యొకటి ఇంగ్లండున మరల ప్రసిద్ధి కెక్కెను. 1993 నాటి పాటలలో గళము బరువెక్కినది, వేగము తగ్గినది. కాని ప్రతి పదమును తూచి పలుకుట తగ్గలేదు.

2003 ఏప్రిల్ 21న ఫ్రాన్సులో నామె మరణించెను. అంతకు రెండు దినములు ముందు, ఒకనాడు ప్రవేశ మీయని కర్టిస్ విద్యాలయమే ఆమెకు గౌరవపట్ట మొసగెను. ఆ పట్టము ఆలస్యముగా వచ్చినదని విచారింప వచ్చును. కాని విద్యార్థులారా, ఈ పాటలను వరుసగా వినుడు. ద్వారము మూయబడినను ఆమె నేర్చిన పాఠమును ఎవ్వరును ఆమెనుండి తీసికొనలేకపోయిరని ప్రతి పాటలోని పియానోయే సాక్ష్యము చెప్పును.